గోడల ఏలికలకు వసంత సన్మాన పత్రం

శ్రీమంతులు, ధీమంతులు, చదరపు అడుగులకు అధినాథులు, సరుగుడు కర్రల సింహాసనాల మీద కరెంటు స్తంభానికీ వేపచెట్టుకీ నడుమ సుఖాసీనులై చిరునవ్వులు చిందించే మా గోడల ఏలికలకు, హనుమంతునిపాడు మొదలుకొని కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు దాకా పరుచుకున్న పడమటి ప్రకాశం ప్రజలు చేతులు జోడించి సమర్పించుకుంటున్న సన్మాన పత్రమిది. శాలువా తమ ఫొటోలో ఇప్పటికే ఉంది కాబట్టి వేరుగా తేలేదు. దండ కూడా అందులోనే ఉంది.

మాఘం వెళ్లిపోయేలోపే, నల్లమలలో మోదుగ పూయకముందే తమరు పూస్తారు. శివరాత్రి తిరునాళ్లకు మొగ్గ తొడిగి, ఉగాదికి విరబూసి, శ్రీరామనవమి పందిళ్లకు గుత్తులు గుత్తులుగా వేలాడి, పదో తరగతి ఫలితాల నాటికి మా సెంటర్లలో ఆకాశమనే పదార్థం ఒకటుందన్న అనుమానం కూడా ఎవరికీ రాకుండా అల్లుకుపోతారు. ఇంతటి వసంతోత్సవాన్ని, ఇంతటి ఉచిత చిత్రకళా ప్రదర్శనని, ఏ రాజు ఏ కాలంలో ఏ ప్రజలకు చూపించాడు? వేరేచోట్ల కళాప్రదర్శన అంటే ఒక గది, నాలుగు తెల్లగోడలు, బొమ్మ కింద చిన్న చీటీ మీద దాన్ని గీసినవాడి పేరు. చూడాలంటే పనిగట్టుకుని వెళ్లాలి, నిలబడాలి, కాసేపు ఆలోచించాలి. హైదరాబాదు వాళ్లు ఆ గదిని దాటి వీధిలోకొచ్చినా పాత అలవాటు మానలేదు. 2016లో మక్తా బస్తీ ఇళ్లగోడల మీద దేశదేశాల చిత్రకారులు నిలువెత్తు బొమ్మలు గీస్తే, వాటిని చూడటానికి జనం మళ్లీ ఆ బస్తీ వెతుక్కుంటూ పోవలసివచ్చింది. ఇంత శ్రమ మా ప్రజలకు తమరు ఏనాడూ పెట్టలేదు. మా దగ్గర ప్రదర్శనే మనిషి మీదికొస్తుంది. బస్సు దిగినవాడికి ఊరి పేరు రాసిన బోర్డు కనిపించకపోవచ్చు, ఆస్పత్రికి దారి చూపే బాణం గుర్తు కనిపించకపోవచ్చు, మలుపులో ఎదురుగా వచ్చే ట్రాక్టరు కనిపించకపోవచ్చు, ఏలినవారు కనిపిస్తారు. ట్రాక్టరు కనిపిస్తే ఒక్క క్షణమే కదా కనిపించేది. తమరు పక్షం రోజులు కనిపిస్తారు.

ఆ మధ్య తిరునాళ్ల ఫ్లెక్సీ ఒకదాన్ని దగ్గరగా నిలబడి కొసదాకా దర్శించుకునే భాగ్యం మాకు కలిగింది. అది ఇరవై అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు. పైవరుసలో బంగారు అంచుల వలయాల్లో స్వర్గస్థులైన నాయకులు, వారి వెంట అధికారస్థులైన నాయకులు, ఆ తర్వాత రాబోయే నాయకులు, అంతస్తు తప్పకుండా, వలయం వ్యాసం అంగుళం అటూ ఇటూ కాకుండా కొలువుదీరి ఉన్నారు. నడుమ, నిలువునా ఎనిమిది అడుగుల మేర, తెల్లచొక్కా తొడుక్కుని, చేతులు జోడించి, ఎక్కడి నుంచో ఎక్కడికో నడిచిపోతూ మధ్యలో మనకోసం ఆగినట్టు ఏలినవారు. వెనక సూర్యకిరణాలు, ఆ కిరణాలకు వెనక సింహం. ఈ ప్రాంతంలో సింహం ఎప్పుడూ లేదు. నల్లమలలో ఉన్నది పెద్దపులి. అయినా పాపం దానికి జూలు లేదు, జూలు లేని జంతువు తమ వెనక నిలబడటానికి తగదు. కిందివరుసలో అనుచరుల పాస్‌పోర్టు ఫొటోలు ముప్పైకి పైగా ఉన్నాయి. ఒకతను చెవి దగ్గర సెల్‌ఫోను పెట్టుకుని రాష్ట్ర సమస్యలేవో మాట్లాడుతున్నాడు. ఇంకొకతనికి నలభై ఏళ్లుంటాయి, ఫొటోలో మాత్రం ఇంటర్ హాల్‌టికెట్ నాటి నూనూగు మీసాలతో ఉన్నాడు. ఉన్నది ఆ ఒక్క ఫొటోనే కాబోలు. ఎంతటి సమదృష్టి! ఎవరినీ వదల్లేదు. తిరునాళ్ల ఎవరిదో ఆ అమ్మవారిని కూడా వదల్లేదు. ఎడమ పైమూలలో, రూపాయి బిళ్లంత వలయంలో, ఒక దివంగత నాయకుడి చెవి పక్కన ఆమెకూ చోటిచ్చారు.

ఈ విషయంలో పాతవాళ్ల అజ్ఞానం తలచుకుంటే జాలేస్తుంది. 16వ శతాబ్దంలో లేపాక్షి గుడి పైకప్పుల నిండా బొమ్మలు వేయించిన విరూపణ్ణ సామాన్యుడు కాడు, పెనుగొండలో విజయనగర రాజుల కోశాధికారి. ఖజానా ఆయన చేతిలో ఉంది, చిత్రకారులు ఆయన మాట మీద ఉన్నారు, సున్నపు పూత మీద మన్నురంగులు ఆరుతున్నాయి. అంతటి అవకాశం దొరికితే ఆ మహానుభావుడు చేసిందేమిటి? వీరభద్రుణ్ణి పైకప్పు పొడవునా గీయించి, తానూ తమ్ముడూ పక్కన చిన్నగా, చేతులు జోడించి, దేవుడివైపు చూస్తూ నిలబడ్డారు. దేవుడివైపు చూడటమేమిటి? చూడవలసింది రోడ్డువైపు కదా! పైగా ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడన్న నింద పడితే తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టాడని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు, గోడమీద ఎర్రమచ్చలు రెండు చూపిస్తారు. రంగుల ఖర్చుకి లెక్క అడిగితే కళ్లు పోగొట్టుకునేంత సున్నిత హృదయులు కళాపోషణకు పనికిరారు. ఏలినవారి హయాంలో ఊరూరా గోడలకు ఎన్ని పీపాల రంగు పట్టినా ఒక్కరి కనురెప్ప అదరలేదు. కళకు కావలసిన స్థైర్యం అది.

మా పక్కనే సీఎస్ పురం మండలంలో భైరవకోన ఉంది. ఒకే కొండని తొలిచి ఎనిమిది శివాలయాలు చేశారు. ఉలి పట్టినవాళ్లు ఎన్నేళ్లు అక్కడ కాపురమున్నారో, ఆ కొండ పొడిని ఎంత మింగారో గానీ, లోపలికెళ్లినవాడి చూపు శివుడి మీదికే పోతుంది, ఆ పని చేయించిన దొర మీదికి పోదు. ఇంతకంటే దండగమారి పెట్టుబడి ఉంటుందా? తమరైతే ఆ కొండకు అడ్డంగా ఒక్క స్వాగత ద్వారం కట్టి, ద్వారం మీద రెండువైపులా నవ్వి, పన్నెండొందల ఏళ్ల పొరపాటుని పన్నెండు రోజుల్లో సరిదిద్దుతారు.

ఏలినవారి వర్ణవిద్య గురించి వేరే పత్రమే రాయాలి. చిత్రకళాశాలల్లో ఏళ్లతరబడి రంగుల పొత్తు నేర్పుతారట, ఏది వెచ్చన, ఏది చల్లన, ఏది దేని పక్కన నిలుస్తుంది అని. తమరు ఆ చదువునంతా ఒక్క సూత్రంలో ఇమిడ్చారు: జెండాలో ఉన్న రంగు మంచిది. 2018లో పేదవాడికి అయిదు రూపాయలకు అన్నం పెట్టే క్యాంటీన్లకు పసుపు పూసి ఆకలికి కూడా ఒక పక్షం ఉంటుందని ఒక ఏలిక బోధించారు. ఆ తర్వాత వచ్చిన ఏలిక ఆ పాఠాన్ని అంతటితో ఆపకుండా పంచాయతీ కార్యాలయాలకు, నీళ్లట్యాంకులకు, కొన్నిచోట్ల చెట్ల మొదళ్లకు కూడా నీలం, ఆకుపచ్చ, తెలుపు పూయించి, రాష్ట్రం మొత్తాన్ని ఒకే కుడ్యచిత్రంగా మలిచారు. ఇంత పెద్ద చిత్రం, ఒక్క చిత్రకారుడి అవసరం లేకుండా! దాని గొప్పదనం గ్రహించలేని కొందరు కోర్టుకు వెళ్లారు. 2020 మార్చి 10న హైకోర్టు ఆ రంగులు తీసేయమంది. శార్వరి ఉగాది ఇంకా రెండు రోజులుందనగా, మార్చి 23న, సుప్రీంకోర్టు కూడా అదే మాట అంది. దేశమంతా తలుపులు వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, ఊపిరికి భయపడుతున్న వేళ అది. అటువంటి వేళలో సైతం ఏలినవారి చిత్తం రంగుల మీది నుంచి కదల్లేదంటే ఆ కళాతృష్ణకు ఏం పేరు పెట్టగలం? ఏప్రిల్ 23న జీవో 623 వెలువడింది. ఉన్న మూడు రంగులకు కింద మట్టిరంగు పట్టీ ఒకటి చేరింది. ఆకుపచ్చ అంటే పైరు, నీలం అంటే చేపలూ రొయ్యలూ పెరిగే నీరు, తెలుపు అంటే పాలు, అడుగున ఉన్నది నేలతల్లి అని దానికి భాష్యం. మన ఆలంకారికులు శృంగారం శ్యామమని, హాస్యం తెల్లనని రసానికొక రంగు చెప్పి ఆగిపోయారు; రంగుకొక శాఖని, శాఖకొక మంత్రిత్వాన్ని చెప్పిన ఆలంకారికుడు మళ్లీ పుట్టడు. మే 22న హైకోర్టు, జూన్ 3న సుప్రీంకోర్టు ఈ భాష్యాన్ని కూడా కాదన్నాయి. వసంతం మొదట్లో మొదలైన ప్రదర్శన రోహిణికార్తె దాకా నడిచింది. పంచాయతీ గోడలు ఒకసారి పూయించుకుని, ఒకసారి గీకించుకుని, మళ్లీ పూయించుకుని, పూత మందంలో మాత్రం ఎంతో వృద్ధి సాధించాయి. ఖర్చు మా పంచాయతీలది. కీర్తి తమది. ఇంతకంటే న్యాయమైన పంపకం మాకు తెలియదు.

గోడలు చాలకపోతే రాళ్లున్నాయి. భూముల రీసర్వే జరిగినప్పుడు గట్టు మీద పాతిన సరిహద్దు రాయికి కూడా ఏలినవారి నామధేయం చెక్కించి, రైతు తాత ముత్తాతల పొలం పాస్‌పుస్తకం అట్ట మీద ఏలినవారి ఫొటో ముద్రించి, సూక్ష్మశిల్పంలో కూడా తమకు తిరుగులేదని చాటారు. పొలం ఎవరిదన్న సందేహం ఆ రోజుతో తీరింది. 2024లో ఏలిక మారాక ఆ ఫొటో స్థానంలో రాజముద్ర వచ్చింది, రాళ్ల మీద చెక్కినదాన్ని చెరిపే పనీ పడింది. చెక్కడానికి ఒక కూలీ, చెరపడానికి ఒక కూలీ: ఇంత ఉపాధి చూపిన శిల్పకళ కాకతీయుల కాలంలోనూ లేదు.

శిలాఫలకాల్లో మా పశ్చిమ ప్రాంతానిది ప్రత్యేక శైలి. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టునే తీసుకోండి. ఆ పేరుగల నాయకుడు మార్కాపురం ప్రాంతపు కరువు గురించి, నీళ్ల గురించి జీవితమంతా మాట్లాడాడు. 1996లో శంకుస్థాపన ఫలకం లేచింది. ఆ రోజు పుట్టిన బిడ్డకు పెళ్లయి బిడ్డలు పుట్టాక, 2024 మార్చి 6న, మళ్లీ వసంతంలోనే, ఎన్నికలకు ముందు, జంట సొరంగాలను జాతికి అంకితం చేసిన ఫలకం లేచింది. నల్లరాయి, బంగారురంగు అక్షరాలు, ఎవరి పేరు ముందు ఎవరి పేరు తర్వాత అన్నదానిలో పూసలో దారమంత పొందిక. సొరంగం ఒక్కొక్కటి పద్దెనిమిది కిలోమీటర్లకు పైగా ఉంది. శ్రీశైలం నీళ్లు ఈ చివరికి వచ్చి పొలానికి పారడం ఒక్కటే అంకితం నాటికి తక్కువ. అది కళకు సంబంధించిన విషయం కాదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు పట్టేసిన మా కనిగిరి వైపు పెద్దలు మెడ పైకెత్తలేరు కాబట్టి ఫలకాన్ని తక్కువ ఎత్తులో పెడితే చదువుకోగలుగుతారని మాత్రం మనవి.

విగ్రహాల గురించి ఒక్క మాట. 2013లో సుప్రీంకోర్టు రోడ్ల మీద, కూడళ్లలో కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దంది. ఆ మాట విన్న తర్వాత మా సెంటర్లలో సిమెంటు నాయకులు ఎంత భక్తితో మొలిచారో చూసినవాళ్లకు తెలుసు. బంగారు రంగు పూత, ఒక చెయ్యి పైకి, ఆ చేతి మీద కాకి. పోలిక కుదరలేదని నిట్టూర్చేవారున్నారు గానీ, పోలిక లేకపోవడమే వాటి దూరదృష్టి. పేరుపలక మారిస్తే మరో నాయకుడికి సరిపోతాయి.

నిషేధాలను గౌరవించడంలో కూడా తమది రాజసం. 2022 ఆగస్టు 26న విశాఖలో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు ఇక ఉండవన్న ప్రకటన వచ్చింది. నవంబరు 1 నుంచి అన్నారు. ఆ తర్వాత 2023 జనవరి 26 నుంచి అన్నారు. ఎన్ని గణతంత్ర దినోత్సవాలు వచ్చి వెళ్లినా, ఆ దినోత్సవ శుభాకాంక్షలు మేము ఫ్లెక్సీ మీదే చదువుకుంటున్నాం. వచ్చిన నిషేధాన్ని ఇంత ఆదరంగా ఎదుర్కొని, ఇంత మర్యాదగా గుమ్మంలోనే కూర్చోబెట్టిన సంస్కారం అందరికీ అబ్బదు.

పైగా తమ కళాఖండం ఏనాడూ వృథా పోదు. తిరునాళ్ల అయిపోయిన మూడో నాటికి ఫ్లెక్సీ దిగుతుంది. దిగీ దిగగానే గేదెల కొట్టానికి కప్పు అవుతుంది, వామికి గొడుగవుతుంది, స్నానాల దడి అవుతుంది. ఏలినవారి జోడించిన చేతులు ఒక కొట్టం మీద, చిరునవ్వు మరో కొట్టం మీద, సింహం పొగాకు మండెల మీద. ప్రజల మధ్య ఉండటమంటే ఇది. మన్నులో కలవదు, నీళ్లలో కరగదు, పశువు తింటే పశువే పోతుంది గానీ అది పోదు. చిరంజీవులు ఏడుగురని మనవాళ్లు ఎప్పుడో లెక్కగట్టారు. హనుమంతుడి పేరున్న ఊళ్లో ఎనిమిదో చిరంజీవిని నిలబెట్టిన పుణ్యం తమది.

కొన్నాళ్లు తమ ప్రదర్శనకు సెలవుంటుంది, అదీ అయిదేళ్లకోసారి. 2024 మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు చూశాం. ప్రభుత్వ భవనాల మీద ఇరవై నాలుగు గంటల్లో, బస్టాండ్లు, స్తంభాలవంటి బహిరంగ స్థలాల్లో నలభై ఎనిమిది గంటల్లో, ప్రైవేటు గోడల మీద అనుమతి లేనివి డెబ్బై రెండు గంటల్లో పోవాలని నియమం. సున్నం బకెట్లతో మునిసిపాలిటీ మనుషులు, పంచాయతీ మనుషులు బయల్దేరారు. విగ్రహాల తలలకు గుడ్డలు చుట్టారు. ఆ కొద్దిరోజులు మా ఊళ్లు ఎంత దీనంగా ఉన్నాయో చెప్పలేం. వీధి చివరిదాకా కనిపించింది. వేపచెట్టు చిగురు కనిపించింది. ఒక పాత బియ్యం కొట్టు మీద ఎప్పుడో రాసిన పేరు, నీడ పెట్టిన ఎర్ర అక్షరాలతో సహా బయటపడింది. చూసే దిక్కులేక జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ ఎర్ర అక్షరాలు రాసినవాళ్ల సంగతి కూడా ఈ సన్మాన పత్రంలో ఉండాలి, వాళ్లను ఆ శ్రమ నుంచి విడిపించిన ఘనత తమదే కాబట్టి. గోడరాత ఎంత అనాగరికమైన పనో ఈ తరానికి తెలియదు. ముందు గోడ తడపాలి. రెండు పూతలు సున్నం కొట్టి ఆరనివ్వాలి. నీలిమందులో ముంచిన దారాన్ని ఇద్దరు చెరో కొసన బిగపట్టి, నడుమ గుంజి వదిలితే గోడ మీద సన్నని గీత పడుతుంది. ఆ గీత ఆధారంగా బొగ్గుతో అక్షరాల ఒళ్లు తీర్చాలి. గుడ్డచుట్టిన కర్ర ఒకటి ఎడమచేత్తో గోడకు ఆనించి, దానిమీద కుడి మణికట్టు ఊతం పెట్టి, బల్లపరుపు కుంచెను ఎనామిల్‌లో ముంచి, ఊపిరి బిగబట్టి లాగితే ‘శ్రీ’ మలుపు ఒక్క ఊపులో తిరగాలి. ఎక్కడా ఆగినట్టు తెలియకూడదు. తిరిగాక దానికి నీడ పెట్టాలి, వెలుగు పడే వైపు తెల్లగీత పెట్టాలి. ఒక సినిమాహాలు బోర్డుకు రోజంతా, ఒక బడిగోడ మీద భారతదేశం పటానికి రెండు రోజులు, ఒక రథం కొయ్యగుర్రాలకు వారం. ఇదంతా చేసి మూలన చిన్న అక్షరాల్లో ఫలానా ఆర్ట్స్ అని రాసుకుని మురిసిపోయేవాళ్లు. ఇప్పుడు ఆ బాధ లేదు. కంప్యూటరులో తలకాయ మారిస్తే చాలు, ఒంటిగంటకు చెబితే మూడింటికి ఫ్లెక్సీ. అక్షరదోషాలు పట్టుకునే చాదస్తులు లేరు. ‘హృదయపూర్వక’ని ఏ రకంగా రాసినా హృదయం ఏలినవారిదే. కుంచె పట్టిన చేతుల్లో కొన్ని హైదరాబాదులో అపార్టుమెంట్లకు పుట్టీ పెడుతున్నాయి, కొన్ని బెంగుళూరులో సెంట్రింగు పనికి అలవాటు పడ్డాయి. ఊళ్లో మిగిలిన ఒకరిద్దరిని కూడా తమరు మరచిపోలేదు. ఫ్లెక్సీలు కట్టడానికి నిచ్చెన ఎక్కేది వాళ్లే. నాయకుడు పార్టీ మారినప్పుడు కమాను మీది గుర్తు చెరిపి కొత్తది వేయడానికీ, తిరునాళ్ల తేదీ తప్పు పడితే తెల్లరంగు పూసి సరైన అంకె రాయడానికీ ఇప్పటికీ ఆ కుంచెనే పిలిపిస్తారు. ఆ ఒక్క అంకె మిగతా అచ్చు మధ్య ఎంత నిండుగా ఉంటుందో! దానికి నీడ కూడా పెట్టి ఉంటుంది, ఎవరూ అడక్కపోయినా.

ఇటువంటి వేడుక మార్కాపురం సీమలో జరగడం మరీ సముచితం. తెలుగువాళ్లలో ఎన్ని తరాలు అక్షరం దిద్దాయో అన్ని తరాల ఒళ్లోనూ మార్కాపురం పలక ఉంది. భూమి పొరలు పొరలుగా విప్పి, చెక్కి, నునుపు చేసి, కొయ్యచట్రం బిగించి, గీయడానికి, చెరపడానికి, మళ్లీ గీయడానికి నల్లని చోటొకటి దేశమంతటికీ పంచిపెట్టింది ఈ నేల. ఆ గనుల్లో, కార్ఖానాల్లో పలకలు కోసిన పసిచేతులు కొన్ని ఆ పలక మీద ఒక్క అక్షరం దిద్దకుండానే పెద్దవయ్యాయి. పలకల గిరాకీ పోయాక అదే రాయి రంగురంగుల బిళ్లలై బయటి ఊళ్ల ఇళ్లగోడలకు అలంకారంగా వెళ్తోంది. రాసుకునే చోటిచ్చిన సీమకు తనదంటూ గీసుకునే ఒక్క గోడ లేకుండా, బొమ్మలు వేలాడదీసే ఒక్క గది లేకుండా చూసుకోవడం ఎంత నిగ్రహం! 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకముందే కన్నుమూసిన దామెర్ల రామారావు పేరిట రాజమండ్రి వాళ్లు చిత్రశాల కట్టుకుని ఆ బొమ్మల్ని ఇంకా కాపాడుకుంటున్నారు. అటువంటి బరువులేవీ తమరు మా నెత్తిన పెట్టలేదు. మా బడుల్లో డ్రాయింగు పీరియడును కూడా లెక్కల సారుకి దానం చేయించి, పిల్లల చేతికి పిచ్చిగీతలు అంటకుండా కాపాడుకొచ్చారు. ఆ పిల్లలే పెద్దయ్యాక, మంచి మార్కులొస్తే, కాలేజీ ఫ్లెక్సీ మీద తపాలాబిళ్లంత ఫొటోగా గోడ ఎక్కుతారు. మొదటి ర్యాంకు అమ్మాయైతే ఒకేసారి రెండు మూడు కాలేజీల ఫ్లెక్సీల మీద ఎక్కుతుంది. మార్కులు రాని పిల్ల గోడల మీద ఎక్కడా కనిపించదు, కాబట్టి అటువంటి పిల్లలు మా మండలంలో లేనట్టే.

ఏలినవారి సమయం విలువైనది, ఫొటోలో నడుస్తూ ఆగి ఉన్నారు, ఎక్కువసేపు నిలబెట్టడం మర్యాద కాదు. వచ్చే తిరునాళ్లకు రెండు విన్నపాలు. పైమూలనున్న అమ్మవారి వలయం ఇప్పటికీ ఒక మనిషి ఫొటోకి సరిపడా చోటు ఆక్రమిస్తోంది; కిందివరుసలో పట్టక అలిగిన అనుచరుడు ఒకతనున్నాడని విన్నాం, ఆయనకు ఆ చోటు ఇప్పించగలరు. ఆమె అలగదు. రెండోది, తమ చూపు పడక ఒక గోడ మిగిలిపోయింది. బడి వెనక, బోరింగు పక్కన ఉంటుంది. సున్నం వేసి చాన్నాళ్లయింది, ఎవరి పేరూ లేదు, ఏ రంగూ లేదు. ఎవరో పిల్లాడు విరిగిన పలకబలపంతో దానిమీద మేకని గీశాడు. నాలుగు కాళ్లూ ఒకేవైపు ఉన్నాయి, పొట్టలో ఇంకో చిన్న మేక ఉంది, పక్కన వాడే కాబోలు కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. తమ సౌకర్యం కోసం కొలతలు తీయించి పంపుతున్నాం: పొడవు పదహారు అడుగులు, ఎత్తు ఏడు. ఏలినవారు నడుముదాకా వస్తారు. వెనక సింహానికి కూడా చోటుంటుంది.